చప్పుడంటే హడలిపోయే పిల్లల కోసం బొమ్మల కథ తయారు చేయడం ఎలా

పాత్ర పేరు, బొమ్మల తీరు ఆ తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది ఏ చప్పుడు గురించి రాస్తున్నామన్నది. "పెద్ద శబ్దాలకు భయపడకూడదు" అని మొదలుపెడితే ఉరుము, కుక్క అరుపు, డ్రిల్లింగ్ మోత, బెలూన్ పేలడం అన్నీ ఒకే కథలోకి వచ్చి పడతాయి. వినే పిల్లకు ఏదీ పట్టుబడదు. ఒక పుస్తకానికి ఒకటే చప్పుడు పెట్టుకోండి. అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఆగి ఆగి వస్తుందా, ఏకధాటిగా మోగుతుందా, వచ్చేముందు ఏమైనా ఆనవాలు కనబడుతుందా అన్నవి కాగితం మీద రాసుకున్నాకే కథ ఎత్తుకోవాలి. చప్పుడు మారితే తట్టుకునే ఉపాయమూ మారుతుంది.

ఉరుముకు ముందు మెరుపు కనిపిస్తుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి మెరుపు కనబడ్డాక మూడు సెకన్లకు ఉరుము వినిపిస్తే అది దాదాపు కిలోమీటరు దూరంలో మెరిసినట్టు. ఇంట్లో కూర్చుని ఆ సెకన్లు లెక్కపెట్టడమే ఉరుము కథకు సరైన ఉపాయం. బెలూన్‌కు అలాంటి ఆనవాలు ఉండదు, దూరం జరగడం ఒక్కటే దారి. పక్కింటి డ్రిల్లింగ్ ఆగి ఆగి వస్తుంది కానీ దానికో లెక్క ఉంటుంది. తరగతి గది గోలకు మొదలూ చివరా ఉండవు. అక్కడ లెక్కపెట్టించినా లాభం లేదు. చప్పుడు తట్టుకోలేకపోతున్నానని టీచర్‌కు చూపించే ఒక కార్డు, కాసేపు కూర్చోవడానికి ఒక మూల కావాలి.

రెండు రకాల చప్పుళ్లను మాత్రం ఈ తరహా పుస్తకంలోకి తేవద్దు. ఒకటి, ఫైర్ అలారం లాంటి హెచ్చరిక. అది మోగితే ఊపిరి వదులుతూ కూర్చోకూడదు, బయటికి నడవాలి. ఆ కథ వేరే రాయాలి. రెండోది, ఇంట్లో పెద్దవాళ్ల కొట్లాట. "చెవులు మూసుకో, సర్దుకుపో" అని చెప్పే పుస్తకం అలాంటి ఇంట్లోని పిల్లను ఇంకా ఒంటరిని చేస్తుంది.

కథలో చప్పుడు దానంతటది ఆగిపోకూడదు

ఈ రకం పుస్తకాలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. పిల్ల ఏడుస్తుంది, అమ్మ వచ్చి కిటికీ మూస్తుంది, చప్పుడు పోతుంది, అందరూ నవ్వుతారు. పుస్తకం మూసిన మరునాడు చప్పుడు మళ్లీ వస్తుంది. ఈసారి అమ్మ పక్కన ఉండదు. అప్పుడు ఆ కథలోంచి పిల్ల చేతికి అందేది ఏమీ లేదు.

అదాటున పెద్ద చప్పుడు వింటే ఒళ్లు ఉలిక్కిపడటం అసంకల్పిత చర్య. కళ్లు మూసుకుపోతాయి, భుజాలు పైకి లేస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. మందలిస్తే అది ఆగదు. అయితే పిల్లను బాధపెట్టేది మోత ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు. ఎప్పుడొస్తుందో తెలియదు, ఎక్కడిదో తెలియదు, ఆపడం తన చేతిలో లేదు. బకెట్ మీద తానే కర్రతో బాదుకునే పిల్లవాడికి అంత మోతలోనూ ఏ ఇబ్బందీ లేకపోవడం గమనించే ఉంటారు. మొదలుపెట్టేదీ ఆపేదీ వాడే. మీ కథ పిల్లకు తిరిగి ఇవ్వాల్సినవి ఆ మూడే: ఏమిటో తెలియడం, ఎప్పుడో తెలియడం, తను చేయగలిగిన పని ఒకటి ఉండటం. చప్పుడు చివరి పేజీ దాకా ఉండనివ్వండి.

ఉపాయాలు రెండు లేదా మూడు చాలు. ఐదారు పెడితే కథ పోయి జాబితా మిగులుతుంది. ప్రతి ఉపాయమూ నిజంగా పనిచేసేదై ఉండాలి, ఎందుకు పనిచేస్తుందో మీకు తెలిసి ఉండాలి. మూడు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఐదు లెక్కపెడుతూ వదిలితే గుండె వేగం నెమ్మదిస్తుంది. ఇందులో పనిచేసేది పీల్చడం కంటే ఎక్కువసేపు వదలడం. "గట్టిగా ఊపిరి పీల్చు" అని ఊరుకుంటే పిల్లలు గబగబా పీల్చి ఇంకా కంగారు పడతారు. దూరం జరగడమూ పనిచేస్తుంది. ఆరుబయట ఒక చోటి నుంచి వచ్చే శబ్దానికి దూరం రెట్టింపైతే మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు శబ్దాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి అంత తగ్గదు. గదిలో జరిగే కథైతే రెండడుగులు వెనక్కి వేయించడం కాదు, గది మార్పించి తలుపు వేయించండి. చెవులకు పెట్టుకునే ఇయర్‌మఫ్స్ చూపించదలిస్తే, చప్పుడు ఉన్నంతసేపు పెట్టుకుని తర్వాత తీసేసినట్టు తప్పక చూపించాలి. రోజంతా పెట్టుకుని తిరిగితే చిన్న చప్పుళ్లు కూడా పెద్దగా తోచడం మొదలవుతుంది.

పేజీల లెక్క

ఇంట్లో కట్టుకునే పుస్తకానికి 24 పేజీలు అనువైనవి. ఆరు ఏ4 కాగితాలను మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 24 ఏ5 పేజీలు వస్తాయి. అట్ట విడిగా మరో కాగితం. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకం ఏదైనా పేజీలు నాలుగుతో భాగింపబడాలి. అచ్చువేయించే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలు ఉండటానికి కారణం కూడా పెద్ద కాగితాన్ని ఎనిమిది పేజీలకో పదహారు పేజీలకో మడవడమే.

ఈ 24లో 1వ పేజీ పేరుకు, 2వది వివరాలకు. కథ 3వ పేజీలో మొదలవుతుంది. ఆ తర్వాత 4–5 నుంచి 22–23 దాకా ఎదురెదురు పేజీల జతలు పది. 24వది ఒంటరి పేజీ. బేసి సంఖ్య పేజీలు ఎప్పుడూ కుడివైపు వస్తాయి, పేజీ తిప్పేది అక్కడే. పెద్ద చప్పుడును తిప్పిన తర్వాతి జతలో పెట్టండి. ఎదురుగా తెరిచి ఉన్న పేజీలోనే పెడితే కుడివైపు ఏముందో పిల్ల ముందే చూసేస్తుంది. ఇక సున్నితమైన పిల్ల కోసమైతే కుడి పేజీ అంచున ఒక ఆనవాలు పెట్టండి: గోడ మీద కదిలే నీడ, వణికే గ్లాసు. రెండోసారి చదివేటప్పటికి ఆ ఆనవాలు చూసి "ఇప్పుడొస్తుంది" అని పిల్లే చెబుతుంది. చప్పుడు ఎప్పుడొస్తుందో ముందే తెలియడమంటే అదే.

ఒక నమూనా చూడండి. చప్పుడు పక్కింటి డ్రిల్లింగ్. పాత్ర మీను, ఐదేళ్లది. చెక్క దిమ్మలతో మేడ కడుతోంది, పైన చిన్న కాగితం జెండా. ఇది 3వ పేజీ.

4–5లో మొదటి మోత, మేడ కూలిపోతుంది. 6–7లో మోత ఉండదు, మీను ఒంట్లో ఏమవుతోందో ఉంటుంది: గుండె దడదడ, కడుపులో బిగింపు, కళ్లలో నీళ్లు. 8–9లో రెండో మోత. మీను అంతకంటే గట్టిగా అరుస్తుంది. గోల రెట్టింపవుతుందే తప్ప ఆగదు. 10–11లో దుప్పటి కింద దూరుతుంది. మోత కొంచెం తగ్గుతుంది, కానీ ఉక్కపోత, చీకటి, ఆడుకోవడం కుదరదు. దీన్ని తప్పు పనిగా చూపించకండి. దుప్పటి కింద దూరే పిల్లలు ఈ పుస్తకం వింటూ ఉంటారు. కొంత పనిచేసింది, చాలలేదు, అంతే.

12–13 ఈ కథకు ఇరుసు. ఇక్కడ మీను అడుగుతుంది.

"తాతయ్యా, ఆ చప్పుడేంటి?"
"పక్కింట్లో గోడకి అర బిగిస్తున్నారమ్మా. దానికి ఆరు కన్నాలు పెట్టాలట."
"రెండయ్యాయి కదా. ఇంకా నాలుగా?"

ప్రశ్న మీను అడగాలి, లెక్క మీను చేయాలి. తాతయ్య వచ్చి తనంతట తానే వివరించేస్తే పరిష్కారం పెద్దవాళ్లదైపోతుంది. 14–15లో మూడో మోత. మీను అరచేతులతో చెవులు మూసుకుని జెండా మీదికి మెల్లగా ఊదుతుంది. 16–17లో దిమ్మలన్నీ మోసుకుని పక్క గదిలోకి వెళ్లి తలుపు వేస్తుంది. నాలుగోది చిన్నగా వినిపిస్తుంది. 18–19లో ఏ చప్పుడూ లేదు, మీను ఎదురు చూస్తోంది. ఈ జతను తీసేయాలనిపిస్తుంది, తీయకండి. చప్పుడు కంటే దానికోసం ఎదురుచూడటం కష్టమని ఈ పిల్లలకు బాగా తెలుసు. ఆ సంగతి పుస్తకానికీ తెలుసని వాళ్లకు అర్థం కావాలి. 20–21లో ఐదోది: దిమ్మ పట్టుకున్న చెయ్యి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. 22–23లో ఆరోది వస్తుండగానే మేడ పూర్తవుతుంది. 24లో కొత్త చప్పుడు, "టక్ టక్". మీను తల తిప్పి, "తాతయ్యా, ఇది ఎన్నిసార్లు?" అంటుంది. నేర్చుకున్నది ఇంకో చప్పుడుకూ పనికొస్తుందని ఆ ఒక్క ప్రశ్నే చెబుతుంది. దాని కింద నీతివాక్యం రాయకండి.

మాటలు

నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు మొత్తం 250–350 మాటలు చాలు. ఒక జతకు 20–35. బొమ్మలో కనబడేది మళ్లీ రాయొద్దు. "మీను ఎర్ర గౌను వేసుకుని నేల మీద కూర్చుంది" అన్న వాక్యం వృథా. బొమ్మ చూపించలేనిది రాయాలి: "మీను కడుపులో ఏదో ముడి పడ్డట్టుంది."

వాక్యం ఒక్క ఊపిరిలో చదవగలిగేలా ఉండాలి. "ఆకస్మికంగా సంభవించిన భీకర ధ్వనికి మీను భయభ్రాంతురాలైంది" అని రాస్తే చదివే తల్లి నాలుకే మడతపడుతుంది. "గోడలోంచి మోత! మీను ఉలిక్కిపడింది. మేడ కూలిపోయింది." ఇది చాలు. "ధైర్యవంతులు ఏడవరు", "చిన్న చప్పుడుకే ఇంత గోలా" లాంటి మాటలు ఏ పాత్ర నోటా రాకూడదు, చెడ్డ పాత్ర నోటా సరే. పిల్ల గుర్తుపెట్టుకునేది ఆ మాటనే.

ఆటిజం ఉన్న పిల్లల కోసం రాస్తుంటే పద్ధతి కొంచెం మారుతుంది. కేరల్ గ్రే 1991లో రూపొందించిన సోషల్ స్టోరీస్ (ఒక సందర్భంలో ఏం జరుగుతుందో ముందే వివరించే చిన్న కథలు) పద్ధతిలో "ఇలా చెయ్యి" అనే వాక్యం ఒకటి ఉంటే, ఏం జరుగుతుందో ఎందుకు జరుగుతుందో చెప్పే వాక్యాలు కనీసం రెండు ఉండాలి. ఉపమానాలు తగ్గించండి. "గుండె గొంతులోకి వచ్చింది" అంటే ఉన్నదున్నట్టు తీసుకునే పిల్లలుంటారు. "ఎప్పుడూ" బదులు "చాలాసార్లు" అని రాయండి. ఆరుసార్లే వస్తుందని గట్టిగా మాటిచ్చి, నిజ జీవితంలో ఏడోసారి మోగితే పుస్తకం మీద నమ్మకం పోతుంది. మాట్లాడే జంతువు కంటే మామూలు పిల్ల, మామూలు గది ఇలాంటివాళ్లకు నయం.

చప్పుడును గీయడం

చప్పుడు అక్షరాలనే బొమ్మగా గీయాలి. తెలుగులో ఇందుకు కావాల్సినంత సరుకుంది. బెలూన్‌కు "ఠప్", తలుపుకు "ధడాల్", ఈడ్చిన కుర్చీకి "కిర్రు", ఉరుముకు "ఫెళఫెళ", డ్రిల్లింగ్‌కు "గుర్ర్". ఒత్తక్షరాలు కంటికీ చెవికీ బరువుగా ఉంటాయి. చప్పుడు తగ్గే కొద్దీ "ఢాం"ను "డాం"గా, ఆపైన "డం"గా మార్చితే చదివే గొంతు తనంతట తానే తగ్గుతుంది.

టైపు చేస్తే రెండు చిక్కులు వస్తాయి. సాగదీయాలని దీర్ఘాన్ని వరసగా రెండు మూడుసార్లు కొడితే అక్షరం పక్కన చుక్కల సున్నా ప్రత్యక్షమవుతుంది. "ఢాఆఆం" అని అచ్చుతోనే సాగదీయండి. "ర్" వరసగా కొడితే వత్తులు ఒకదాని కింద ఒకటి చేరి కింది గీతలోకి దిగిపోతాయి. ప్రతి "ర్" తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) పెడితే విడివిడిగా నిలబడతాయి. అసలు వీటన్నిటికంటే చేత్తో రాసి స్కాన్ చేయడమే మేలు. డ్రిల్లింగ్ అక్షరాలకు రంపపు పళ్ల అంచు, గాలి మోతకు మందమైన గుండ్రటి అంచు చేత్తోనే బాగా వస్తాయి.

అక్షరాల పరిమాణానికి ఒక నియమం పెట్టుకుని పుస్తకమంతా దానికి కట్టుబడండి. మొదటి మోత ఏ5 పేజీ ఎత్తులో మూడోవంతు, అంటే 70 మిల్లీమీటర్లు. రెండోదీ మూడోదీ అంతే. మూడోసారి మీను చెవులు మూసుకుంది కదా అని అక్షరం చిన్నది చేయాలనిపిస్తే, అరచేతుల వెనక మీనుకు వినబడేది మరో చిన్న అక్షరంగా విడిగా గీయండి. గదిలో ఉన్న మోత మాత్రం తగ్గలేదు. నాలుగోసారి తలుపు మూసుకుంది కాబట్టి అక్షరం 25 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఐదు, ఆరు కూడా అంతే, ఎందుకంటే తలుపు అదే. కానీ అవి పేజీ మధ్యలోంచి అంచుకు జరుగుతాయి. పరిమాణం చెవికి అందేదాన్ని చెప్పాలి, చోటు మనసు ఎక్కడుందో చెప్పాలి. కారణం లేకుండా చప్పుడు చిన్నదైపోతే అది పిల్లతో అబద్ధం చెప్పినట్టే. చప్పుడు అక్షరాలు మీను ముఖం మీదుగా ఎప్పుడూ పోకూడదు.

ఒక రంగును చప్పుడుకే కేటాయించండి. బట్టల్లోగానీ గోడల్లోగానీ ఆ రంగు మళ్లీ రాకూడదు. చప్పుడుకు కళ్లూ కోరలూ పెట్టి భూతంగా గీయాలనే ఆలోచన అందరికీ వస్తుంది, వదిలేయడం మంచిది. భూతమంటే దానికి పిల్లను బాధపెట్టాలనే ఉద్దేశం ఉన్నట్టు. గోడకు అర బిగించుకునేవారికి అలాంటి ఉద్దేశం లేదని చెప్పడమే ఈ కథ పని.

ఒళ్లు గీసేటప్పుడు ముఖం కంటే భుజాల మీద శ్రద్ధ పెట్టండి. ఉలిక్కిపడ్డ పిల్లకు మెడ కనబడదు, భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి, మోచేతులు ముడుచుకుంటాయి, కాలివేళ్లు లోపలికి తిరుగుతాయి. కుదుటపడ్డాక మెడ మళ్లీ కనబడుతుంది. చెవులు మూసుకునే బొమ్మలో ఎక్కువమంది చేతులను బుగ్గల మీద పెట్టేస్తారు. అరచేయి చెవి రంధ్రం మీద ఉండాలి, వేళ్లు తల వెనక్కి చూడాలి. పిల్లలు బొమ్మ చూసి అచ్చం అలాగే చేస్తారు. ఊదేటప్పుడు పెదవులు సున్నాలా, జెండా కొద్దిగా మాత్రమే వంగి. జెండా పూర్తిగా పడుకుంటే గట్టిగా ఊదమని చెప్పినట్టవుతుంది. ఒకే జతలో ఐదు చిన్న జెండాలు, పక్కన 1 నుంచి 5 అంకెలు గీస్తే లెక్క దానంతటదే అర్థమవుతుంది.

డమ్మీ, పరీక్ష

రంగుల జోలికి వెళ్లకముందే పెన్సిల్ బొమ్మలతో 24 పేజీల డమ్మీ, అంటే చిత్తు పుస్తకం, కట్టండి. నలుగురైదుగురు పిల్లలకు ఒక్కొక్కరికి విడిగా చదివి వినిపించండి. గుంపులో ఒకరు చెవులు మూసుకుంటే అందరూ మూసుకుంటారు, ఏమీ తెలియదు. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "మీను ఎందుకు గది మారింది?" "నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడగండి. మీను చెవులు మూసుకోవడం గుర్తుండి ఊదడం గుర్తులేదంటే 14–15 బొమ్మలో రెండు పనులు ఒకేసారి ఇరుక్కున్నాయని అర్థం, విడదీయండి. పిల్ల ఒక పేజీని గబుక్కున తిప్పేస్తుంటే అక్కడి మోత మరీ పెద్దదై ఉంటుంది.

అచ్చుకు

జత మొత్తాన్ని ఒకే ఫైలుగా చేయండి: 297 × 210 మిల్లీమీటర్లు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (అంచు కత్తిరింపులో పోయే అదనపు బొమ్మ) కలిపి 303 × 216. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఇది 3579 × 2551 పిక్సెళ్లు. మాటలు, ముఖాలు అంచు నుంచి 10 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. మధ్య మడత మీద కన్నుగానీ అక్షరంగానీ పడకూడదు. కథ మాటలకు 18–20 పాయింట్ల అక్షరం. గుడులూ వత్తులూ ఢీకొనకుండా వరుసల మధ్య ఎడం అక్షరానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, రామభద్ర అట్ట మీది పేరుకు నప్పుతుంది. పేజీలు అమర్చడానికి ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్-రెడీకి మార్చాలి, లేకపోతే వత్తులు చెదిరిపోతాయి. ప్రెస్‌కు పంపేముందు పీడీఎఫ్‌లో ప్రతి వత్తునూ కళ్లతో చూసుకోండి. తెర మీద మెరిసే నారింజ, ఆకుపచ్చ అచ్చులో వెలిసిపోతాయి కనుక చప్పుడు రంగును ఒక పేజీ అచ్చువేసి చూశాకే ఖాయం చేయండి.

2వ పేజీలో చదివే పెద్దవాళ్లకు మూడు నాలుగు వాక్యాలు రాయండి. మొదటిసారి చప్పుడు మాటను గుసగుసగా చదవాలి. రెండోసారి ఎంత గట్టిగా చదవాలో పిల్లనే అడగాలి, లేదా ఆ మాట పిల్లచేతే చెప్పించాలి. చప్పుడు అవుతుండగా పుస్తకం తీయకూడదు, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు చదవాలి. మామూలు చప్పుళ్లకే చెవి నొప్పి అంటున్నా, చప్పుడు భయంతో బడికి వెళ్లడం, నిద్ర, ఆట మానేస్తున్నా పిల్లల డాక్టర్‌కు, వినికిడి నిపుణులకు చూపించాలని కూడా అక్కడే రాయండి.